చెంచాడు నీళ్ళు కారాయని నా పడవను వెనక్కి పంపేశారు

శనివారం_సరంగు
నెల రోజులుగా అనుకుంటున్న ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిల్లలను నిద్రలోనే కారెక్కించి, మూడు గంటలు ట్రెయిలర్ లాక్కుంటూ కాలిఫోర్నియాలో సియెర్రా పర్వతాల్లోని ఒక సరస్సుకు వెళ్ళాను. తనిఖీ కేంద్రంలో మా ముందు ఏడు పడవలు. మా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. కాలేజీలో చదువుతున్నట్టున్న ఒక అమ్మాయి టార్చిలైటు, చేతి అద్దం పట్టుకుని పడవ చుట్టూ తిరిగింది, ట్రెయిలర్ కిందికి దూరింది, అడుగుభాగమంతా వేళ్ళతో తడిమింది. అంతా అయిపోయింది అనుకుంటుండగా ఇంజనును పూర్తిగా కిందికి దించమంది. దించాను. ఒక చెంచాడు నీళ్ళు, నిజంగా చెంచాడే, కాంక్రీటు మీద కారాయి. "వేడినీటి శుద్ధి చేయించాలి. ఈరోజుకు ఆ వరుస నిండిపోయింది, రేపు రండి" అంది.

అవి మా ఇంటి కుళాయి నీళ్ళు! ముందురోజు నేనే ఇంజను కడిగాను. ఆ మాటే చెప్పాను, వినలేదు. వేరే చోట్ల నుంచి పడవలకు అంటుకుని ఆల్చిప్పలు సరస్సులోకి రాకూడదని తనిఖీ అన్నారు, సరే. నా పడవ మీద ఒక్క ఆల్చిప్ప లేదు, ఆమే చూసింది. చెంచాడు కుళాయి నీళ్ళకు ఒక కుటుంబం సెలవు రోజంతా పోవాలా? ఇందులో నాకు తెలియని శాస్త్రం ఏమైనా ఉంటే చెప్పండి.

ఎదురీత
ఉంది. రుసుము శాస్త్రం.

తెడ్డు_తాత
చెంచాడు అని మీరంటున్నారు. నేనైతే గ్లాసుడు అని పందెం కాస్తాను. పడవ యజమానులు నీళ్ళను చెంచాలతో, చేపలను మూరలతో కొలుస్తారు.

గాలపుముల్లు
పిల్లలు ఏడ్చారా? మా వాళ్ళయితే ఇల్లు చేరేవరకు ఆపేవాళ్ళు కాదు. మీ బాధ అర్థమైంది.

సూక్ష్మదర్శిని
శాస్త్రం అడిగారు కాబట్టి చెబుతాను, ఇది నా రోజువారీ పని. మీ పడవ మీద ఆమె వెతికింది గోరంత, వేలంత ఉండే పెద్ద ఆల్చిప్పలను. కానీ అవి పుట్టేటప్పుడు అలా ఉండవు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల నీళ్ళలో తేలుతూ తిరుగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు సైజు. జీబ్రా ఆల్చిప్ప ఆడది ఒక్కటి ఏడాదిలో పది లక్షల గుడ్లదాకా పెట్టగలదు.

మేము సరస్సులో సన్నని వల లాగి, ఆ నీళ్ళను సీసాలో తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెడతాం. మామూలు వెలుగులో చూస్తే ఇసుక, నాచు, పురుగు ముక్కలు, అన్నీ ఒకేలా ఉంటాయి. రెండు పోలరైజ్డ్ పలకల మధ్య పెట్టామా, తక్కినవాటిలో చాలావరకు నల్లబడిపోతాయి. ఆ పిల్లలు మాత్రం చిన్న చిన్న తెల్లటి శిలువల్లా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు అందంగా ఉన్నాయే అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాక ఆ మాట అనుకోలేదు.

అంత హంగామా చేస్తే గానీ మాకే కనబడనివి, కాంక్రీటు మీద తడి చూసి ఆ అమ్మాయికి ఎలా కనబడతాయి? మీరు అబద్ధమాడారని ఆమె అనలేదు. అవి ఎక్కడి నీళ్ళో చూసి చెప్పగలిగే కళ్ళు ఎవరికీ లేవు, అంతే.

శనివారం_సరంగు
సూక్ష్మదర్శిని గారు, ఇలా ఎవరైనా అక్కడ చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. అయినా ఒక్క సందేహం. కుళాయి నీళ్ళని ఒప్పుకునే మార్గమే లేదా?

నీటిమనిషి
లేదు. కారణం పైన చెప్పారు. నేను ఒక ప్రశ్న అడుగుతాను. కడగడానికి ముందు పడవను చివరగా ఎక్కడ దించారు?

శనివారం_సరంగు
మూడు వారాల క్రితం, శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలో. స్టాక్టన్ దగ్గర.

తెడ్డు_తాత
శుభం.

నీటిమనిషి
సరంగు గారు, ఆ ఊరి పేరు వినగానే తనిఖీ అమ్మాయి గుండె ఝల్లుమని ఉంటుంది. 2024 అక్టోబరులో స్టాక్టన్ ఓడరేవులోనే గోల్డెన్ ఆల్చిప్ప అనే రకం దొరికింది. ఉత్తర అమెరికా ఖండం మొత్తంలో అదే మొదటిసారి. పుట్టిల్లు చైనా, ఆగ్నేయాసియా. దక్షిణ అమెరికాలో అప్పటికే పాతుకుపోయింది. డెల్టా అంటే మామూలు చోటు కాదు. కాలిఫోర్నియా ఉత్తరాన్నుంచి దక్షిణానికి వెళ్ళే తాగునీరు, సాగునీరు అక్కడి పంపుల గుండానే వెళతాయి. కాలువల్లో కిందికి, ఓ'నీల్ ఫోర్‌బే అనే జలాశయంలోనూ అవి కనిపించాయి.

ఇంకో సంగతి. ఇంతకుముందే దేశంలో పాకిన క్వాగా, జీబ్రా రకాల ఆల్చిప్పలకు గుల్ల కట్టుకోవడానికి నీళ్ళలో సున్నం తగినంత కావాలి. కొండల మీద మంచు కరిగి చేరిన సరస్సుల్లో అది తక్కువ కాబట్టి కొంత ధీమా ఉండేది. గోల్డెన్ ఆల్చిప్ప అంతకంటే తక్కువ సున్నంతోనే బతికేస్తుంది. మీరు వెళ్ళిన రకం సరస్సు వాళ్ళకు ఇప్పుడు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే.

నేను పంపులు, గొట్టాల మరమ్మతులో పని చేస్తాను. జాలీ తెరిచి లోపల పేరుకున్న గుల్లలను పారతో గీకి తీసిన చేతులు నావి. కాబట్టి నా మాటల్లో కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ఎదురీత
పక్షపాతం ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. ఇప్పుడు నా పక్షం. బాతులు, కొంగలు డెల్టాలో ఈత కొట్టి మధ్యాహ్నానికి అదే కొండ సరస్సులో వాలతాయి. వాటి కాళ్ళకు తడి ఉండదా? వాటిని ఏ కేంద్రంలో ఆపి అద్దం పెట్టి చూస్తున్నారు? కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు?

అలలమీద_అప్పు
ఇదే నేనూ అడుగుదామనుకున్నాను. పక్షులకు తనిఖీ సీలు లేదు, స్టిక్కరు లేదు.

తెడ్డు_తాత
పడవకైతే నీళ్ళు పోవడానికి బిరడా పీకుతాం. బాతుకు ఎక్కడ పీకాలో చూపిస్తే నేను స్వచ్ఛందంగా చేస్తాను.

పదివేల_చెరువులు
బాతుల వాదన మా మిన్నెసోటాలో ముప్పై ఏళ్ళుగా నలుగుతోంది. నిజంగా బాతులే మోసుకెళ్ళి ఉంటే, పడవ దించే ర్యాంపు లేని చెరువులూ ఉన్న చెరువులూ ఒకే తీరులో పాడవ్వాలి. అలా జరగలేదు. ర్యాంపు ఉండి, పడవల రాకపోకలు ఎక్కువగా ఉన్నచోటే ముందు వచ్చాయి. బాతు కాలికి అంటిన తడి ఎగిరేటప్పుడు గాలికే ఆరిపోతుంది. పడవ అడుగున, ఇంజను లోపల, లంగరు తాడు చుట్టలో ఉన్న తడి ఆరదు. పైగా గుల్ల మూసుకున్న పెద్ద ఆల్చిప్ప చల్లటి తేమలో వారాల తరబడి బతుకుతుంది. గంటకు అరవై మైళ్ళ వేగంతో రహదారి మీద వెళ్ళే బాతును నేనింతవరకు చూడలేదు.

ఇంకో మాట. మా దగ్గర పడవ కంటే కూడా పడవలు కట్టే పాత రేవుబల్లలు, పడవ ఎత్తే లిఫ్టులు ప్రమాదం. ఒకరి దగ్గర పాత రేవుబల్ల కొని ఇంకో చెరువులో దించితే, దాని కాళ్ళకు అంటుకున్నవన్నీ దానితోపాటే దిగుతాయి. అందుకే ఒక చెరువులోంచి తీశాక 21 రోజులు ఒడ్డున ఆరబెట్టాలని చట్టం. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అంటారే, ఆ పిల్లిని ఇంటి దగ్గర దింపిరమ్మనడమే ఈ చట్టం.

ఎదురీత
సరే, బాతులను వదిలేస్తాను, తాత్కాలికంగా. మీ మిన్నెసోటాలో ముప్పై ఏళ్ళ చట్టాలతో ఆగాయా మరి?

పదివేల_చెరువులు
ఆగలేదు. నెమ్మదించాయి. పదివేల పైచిలుకు చెరువుల్లో ఎక్కువ వాటిలో అవి ఇప్పటికీ లేవు. మా మామగారి చెరువు వాటిలో ఒకటి. నాకు అది చాలు.

గాలపుముల్లు
టెక్సస్ నుంచి ఒక పోస్టు. మా రాష్ట్రంలో 2009లో టెక్సోమా సరస్సులో మొదట కనబడ్డాయి. మా ట్రావిస్ సరస్సుకు 2017లో వచ్చాయి. అంతకుముందు మేము ఒడ్డున చెప్పులు లేకుండా నడిచేవాళ్ళం. ఇప్పుడు నీటిమట్టం తగ్గితే చాలు, రాళ్ళన్నీ బ్లేడు ముక్కలు అతికించినట్టు ఉంటాయి. మా చిన్నది మొదటి వేసవిలోనే అరికాలు కోసుకుంది. 2019 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లో కుళాయి నీళ్ళు కుళ్ళు వాసన కొట్టాయి, గుర్తుందా ఇక్కడ ఎవరికైనా? శుద్ధి కేంద్రానికి నీళ్ళు తెచ్చే గొట్టంలో ఈ ఆల్చిప్పలు చచ్చి కుళ్ళడం వల్ల. నీళ్ళు తాగితే ప్రమాదం లేదన్నారు గానీ ఆ వాసనకు టీ కూడా దిగలేదు.

చెప్పొచ్చేదేమంటే, మా దగ్గర ఇప్పుడు గొడవ లేదు. వచ్చేశాయి. బయటికి వెళ్ళేటప్పుడు నీళ్ళన్నీ ఒంపేయాలి, అంతే. సరంగు గారూ, మిమ్మల్ని ఆపారంటే మీ సరస్సులో కాపాడుకోవడానికి ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. అసూయగా ఉంది.

శనివారం_సరంగు
ఈ కోణం తట్టలేదు.

అలలమీద_అప్పు
నా బాధ వేరు. నాది అలలు లేపే పడవ. బరువు కోసం బాలాస్ట్ ట్యాంకుల్లో సరస్సు నీళ్ళే నింపుకోవాలి. సరస్సు వదిలేటప్పుడు పంపుతో పూర్తిగా తోడేస్తాను. తనిఖీలో ప్రతిసారీ "మీది ఎక్కువ ప్రమాదం" అని పక్కన నిలబెడతారు. ట్యాంకు ఖాళీ అని మీటరు చూపిస్తోంది కదా?

నీటిమనిషి
మీటరు సున్నా చూపించినా అడుగున నీళ్ళు మిగులుతాయి. పంపు నోరు ట్యాంకు అట్టడుగున ఉండదు, కొంచెం పైన ఉంటుంది. ఆ కిందున్న నీరు చెంచాలు కాదు, బకెట్ల లెక్క. చీకటి, చల్లదనం, ఎండ తగలదు. ఆల్చిప్ప పిల్లకు అంతకంటే మంచి ఉయ్యాల ఎక్కడ దొరుకుతుంది?

అలలమీద_అప్పు
అప్పు చేసి కొన్నది ఆల్చిప్పల ఉయ్యాలని తెలిస్తే బ్యాంకువాళ్ళు వడ్డీ తగ్గిస్తారేమో అడుగుతాను.

తెడ్డు_తాత
నాకు ఉన్నది తెడ్డుతో నడిపే కయాకు. ఇంజను లేదు, ట్యాంకు లేదు, బిరడా లేదు. తిరగేసి తుడిస్తే అయిపోయింది. పేదవాడి పడవలో ఆల్చిప్ప కూడా నిలవదు.

స్నేక్_నది_ఒడ్డున
తాతగారు, మా ఐడహోలో కయాకు వేసుకుని వెళ్ళినా దారిలో తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే ఆగాల్సిందే. ఆగకుండా దాటితే జరిమానా. మీ కయాకు సీటు కింద ఉన్న నురుగు దిమ్మను ఒకసారి పిండి చూడండి.

తెడ్డు_తాత
పిండాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

స్నేక్_నది_ఒడ్డున
మా కథ కూడా చెప్పాలి, ఎందుకంటే "ఆగాయా మరి" అని ఎదురీత గారు అడిగారు. మా రాష్ట్రంలో ఏళ్ళ తరబడి రహదారుల మీద పడవలు ఆపి చూశారు. ఆల్చిప్పలు అంటుకున్న పడవలను పట్టుకున్నారు కూడా. అయినా 2023 సెప్టెంబరులో ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నదిలో క్వాగా పిల్లలు దొరికాయి. కొలంబియా నదీ వ్యవస్థ మొత్తంలో మొదటిసారి. ఆ నది మీద ఎన్ని ఆనకట్టలు, ఎన్ని చేప మెట్లు, ఎన్ని సాగునీటి కాలువలు ఉన్నాయో ఊహించుకోండి.

అక్టోబరులో ఆ మేర నదిని మూసేసి రాగి మందు పోశారు. రేవు దగ్గర తాళ్ళు, హెచ్చరిక బోర్డులు, నీళ్ళ మీద ఒక్క మనిషి లేడు. వారంలో చేపలు తెల్లగా తేలాయి. వాటిలో స్టర్జన్లు ఉన్నాయి, మనిషంత పొడవున్నవి. ఒడ్డున నిలబడి చూశాను, చెప్పలేను. చేపలు పోతాయని అధికారులు ముందే చెప్పారు, దాచలేదు. అయినా 2024 సెప్టెంబరులో మళ్ళీ దొరికాయి, మళ్ళీ మందు పోశారు.

ఇదంతా బహుశా ఒకే ఒక్క పడవ తెచ్చింది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ మనిషి కూడా "నా పడవ శుభ్రమే" అనుకుని ఉంటాడు.

ఎదురీత
ఇది నాకు తెలియదు. స్టర్జన్ల సంగతి విని మనసు చివుక్కుమంది. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది: ఇంత చేసినా వచ్చాయి అంటే పద్ధతిలో లోపం ఉన్నట్టేనా, కాదా?

సూక్ష్మదర్శిని
ఉంది, మనుషులు నడిపే పద్ధతి కాబట్టి. కేంద్రం మూసి ఉన్న రాత్రి వేళ దాటే పడవలుంటాయి. అలసిపోయిన తనిఖీదారు ఉంటాడు. అందుకే చాలా చోట్ల కుక్కలను పెట్టారు. మనిషి టార్చితో పది నిమిషాలు వెతికేది కుక్క రెండు నిమిషాల్లో ముగిస్తుంది. పడవ చుట్టూ ముక్కు ఆనించుకుంటూ వస్తుంది, ఇంజను పక్కన ఆగుతుంది, కూర్చుంటుంది. అంతే, ఇంక లేవదు. బంతి చూపిస్తే తప్ప. ఒకసారి అలా కూర్చున్నచోట మేము ముగ్గురం వెతికినా ఏమీ కనబడలేదు. పలకను విప్పితే లోపలి చీలికలో గోరులో సగమంత ఆల్చిప్ప ఉంది.

కానీ లోపముంది కాబట్టి ఎత్తేద్దాం అంటారా? తలుపుకు గొళ్ళెం వదులైతే బిగిస్తాం గానీ తలుపు పీకేయం కదా.

గాలపుముల్లు
కుక్కలతో తనిఖీ అంటే మా పిల్లలు ప్రతి వారం వెళదామంటారు.

ఎదురీత
ఇంకొకటి అడుగుతాను, ఇది మాత్రం గొడవ కోసం కాదు. మిషిగన్ సరస్సు ఈ ఆల్చిప్పలు వచ్చాక అద్దంలా తేటపడిందట. ఒక్కొక్కటి రోజుకు లీటరు నీళ్ళు వడగడుతుందట. మురికి నీళ్ళు తేటపడితే మంచిదే కదా?

సూక్ష్మదర్శిని
లీటరు లెక్క దగ్గరదగ్గరగా సరైనదే. కానీ అది మురికిని వడగట్టడం లేదు, తిండిని వడగడుతోంది. కంటికి కనబడని నాచు, సూక్ష్మజీవులు తింటేనే చిన్న పురుగులు, వాటిని తింటేనే చిన్న చేపలు, ఆ పైన పెద్ద చేపలు. అడుగు మెట్టునే ఇవి ఖాళీ చేస్తాయి. పైగా ఎరీ సరస్సు వైపు, విషపు నాచును మాత్రం నోట్లోకి తీసుకుని మళ్ళీ ఉమ్మేస్తాయి. మంచి నాచు పోయి, పోటీ లేని విషపు నాచు మిగులుతుంది. నీళ్ళు తేటపడితే వెలుగు లోతుకు దిగి అడుగున కలుపు పెరుగుతుంది, అది కుళ్ళినచోట బొటులిజం అనే విషజబ్బు తెచ్చే క్రిములు చేరతాయి. అది చేపలకు, చేపల నుంచి నీటిపక్షులకు పాకి, పక్షులు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మీ బాతులకు కూడా ఇది మేలు చేయలేదు.

తెడ్డు_తాత
బాతులు మళ్ళీ వచ్చాయి!

నీటిమనిషి
గొట్టాల మాట కూడా కలుపుతాను. 1988లో డెట్రాయిట్ దగ్గరి సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు దొరికాయి, ఓడల బాలాస్ట్ నీళ్ళలో వచ్చాయి. మరుసటి ఏడాదే, 1989లో, మిషిగన్ రాష్ట్రంలోని మన్రో పట్టణానికి నీళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు లాగే గొట్టం నోరు మూసుకుపోయింది. ఒక్క ఏడాది. పడమటి వైపు మాకు ఇరవై ఏళ్ళు అదనంగా దొరికాయి. 2007 జనవరిలో నెవాడా, అరిజోనా సరిహద్దులోని మీడ్ సరస్సులో క్వాగా కనబడింది. మధ్యలో నీటిదారి లేదు. వెయ్యి మైళ్ళకు పైగా ట్రెయిలర్ మీద ప్రయాణం చేసి వచ్చింది. 2013కి పావెల్ సరస్సు. ఇప్పుడు పావెల్‌లో నీరు తగ్గినప్పుడు కొండ గోడలకు అంటుకున్న గుల్లలు ఎండి, ఆ వాసన పడవలోంచే తెలుస్తుంది.

అలలమీద_అప్పు
వచ్చాక పూర్తిగా తీసేసిన చోటు ఒక్కటైనా ఉందా?

నీటిమనిషి
ఉంది. వర్జీనియాలో మిల్‌బ్రూక్ క్వారీ. 12 ఎకరాల పాత రాతి గుంట, ఈతగాళ్ళు డైవింగ్ నేర్చుకునేచోటు. 2006లో పొటాషియం క్లోరైడ్ నీళ్ళు మూడు వారాల పాటు పోసి చంపారు. గుంట కాబట్టి అయింది. పెద్ద సరస్సుకు అంత మందు ఎక్కడిది, పోసినా మిగతా ప్రాణులు ఏం కావాలి?

పదివేల_చెరువులు
మా క్రిస్మస్ లేక్‌లో 2014లో ఒక మూల తెరలు కట్టి మరీ మందు పోశారు. ఆ మూలన చచ్చాయి. తర్వాత వేరే మూలన దొరికాయి.

శనివారం_సరంగు
నేను ఇంకో నిజం చెప్పాలి, మీరు తిడతారని దాచాను. ఈ పడవ నేను పోయిన ఏడాది కొన్నాను. పాత యజమాని ఏడాది పొడవునా డెల్టా మరీనాలోనే కట్టేసి ఉంచేవాడు. నా దగ్గరికి వచ్చాక కడిగించాను, కానీ వేడినీటితో కాదు.

నీటిమనిషి
తిట్టను. కానీ రోజంతా తిరిగి సాయంత్రం ఇంటికి వెళ్ళే పడవ కంటే, నెలల తరబడి నీళ్ళలో కట్టేసిన పడవ ఎన్నో రెట్లు ప్రమాదం. ఆల్చిప్ప పట్టు బిగించడానికి సమయం కావాలి కదా, దానికి ఆ సమయం దొరికింది. అడుగుభాగం మీద పొడి అరచేయి పెట్టి నెమ్మదిగా లాగి చూడండి. గాజులా నున్నగా జారితే మంచిది. గరుకు కాగితంలా గీరుకుంటే, కంటికి ఏమీ లేకపోయినా కొత్తగా అంటుకున్న పిల్లలు అయ్యుండొచ్చు. ఆ అమ్మాయి వేళ్ళతో తడిమింది దానికోసమే.

ఎదురీత
బ్లీచింగ్ పౌడరు చల్లితే పోదా? ఇంత తతంగం ఎందుకు?

నీటిమనిషి
రబ్బరు సీళ్ళు, గొట్టాలు ముందు పోతాయి, ఆల్చిప్ప గుల్ల మూసుకుని నవ్వుకుంటుంది. మందు చేదుగా తగిలితే రోజుల తరబడి మూసుకుని కూర్చోగలదు. వేడికి మాత్రం ఆ పప్పులు ఉడకవు. 140 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే 60 సెల్సియస్, తగిలినచోట పది సెకన్లు నిలవాలి. గొట్టం దగ్గర 140 ఉంటే సరిపోదు, అడుగు దూరం పోయేసరికే చల్లారిపోతుంది. బాలాస్ట్ ట్యాంకుల్లో 120 తో ఎక్కువసేపు తిప్పుతారు, లేకపోతే పంపులు కాలిపోతాయి. ఇంట్లో గీజరు నీళ్ళతో ప్రయత్నించకండి, చెయ్యి కాలుతుంది, ఆల్చిప్ప కాలదు.

శనివారం_సరంగు
నిన్న మళ్ళీ వెళ్ళాను. శుక్రవారం, సెలవు పెట్టి, ఒక్కడినే. ఎలా జరిగిందో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

పడవను వాలు చప్టా మీద పెట్టించారు, కారిన నీళ్ళన్నీ ఒక తొట్టిలోకి వెళ్ళేలా. ఇద్దరు కుర్రాళ్ళు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని వచ్చారు. ముందు ఇంజను నీళ్ళు పీల్చే రంధ్రాలకు చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ల లాంటి రబ్బరు కప్పులు తగిలించి, వేడినీళ్ళు ఎక్కించి, ఇంజను నడిపించారు. బయటికి వచ్చే ధార కింద థర్మామీటరు పట్టుకుని ఒకడు అంకెలు చదువుతున్నాడు: తొంభై, నూట పది, నూట ఇరవై. నూట నలభై దాటేదాకా వదల్లేదు. తర్వాత అడుగుభాగం, చాలా నెమ్మదిగా, చీర ఇస్త్రీ చేసినట్టు ఒక్కో జానెడు. నా పడవ రంగు పోతుందేమోనని నేను అటూ ఇటూ తిరుగుతుంటే, "పోదు సార్" అని నవ్వాడు.

వెనుక పక్క ఒకచోట వాడి అరచేయి ఆగింది. గరుకు. నా ప్రాణం పోయింది. భూతద్దం తెచ్చి చూశాడు, ఇంకొకడిని పిలిచాడు. పాత రంగు పెచ్చు కింద పట్టిన సున్నపు మరక అని తేల్చారు. ఊపిరి పీల్చుకునేలోపు లంగరు పెట్టె తెరవమన్నారు. నేను కొన్నప్పటి నుంచి ఆ పెట్టె ఒక్కసారే తెరిచాను. తాడు చుట్ట అడుగున నల్లటి బురద, పిడికెడు కలుపు, ఇంకా తడిగానే. డెల్టా వాసన. ఆల్చిప్పలు కనబడలేదు. అయినా ఆ తాడును వాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో ముంచుతుంటే నేను తల ఎత్తలేదు. మొదటిరోజు ఆ అమ్మాయి అది కూడా తెరిపించి ఉంటే నేను ఏ ముఖం పెట్టుకుని ఇక్కడ పోస్టు రాసేవాడినో.

తెడ్డు_తాత
చెంచాడు నీళ్ళన్నారు. పిడికెడు బురద దాచారు.

సూక్ష్మదర్శిని
లంగరు పెట్టె ఎవరికీ గుర్తుండదు. చేపలు బతికించే తొట్టి, ఎర డబ్బా, తడి లైఫ్‌జాకెట్ల సంచి, ట్రెయిలర్ పలకల మీద అతికించిన తివాచీ, ఇవన్నీ అంతే. తివాచీ నొక్కితే వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు వస్తాయి, చూడండి.

ఎదురీత
సరంగు గారు నిజం ఒప్పుకున్న తీరు నచ్చింది. నా ఫిర్యాదు ఇప్పుడు కుదించుకుంటున్నాను: శుద్ధి వరుస నిండిపోతే ఆ విషయం ముందే ఆన్‌లైన్‌లో కనబడాలి. మూడు గంటలు నడిపాక కాదు. ఇది మాత్రం వదలను.

నీటిమనిషి
ఇది వదలకండి. నేను మీ పక్షమే. కొన్నిచోట్ల ముందే సమయం తీసుకునే ఏర్పాటు ఉంది, అన్నిచోట్లా ఉండాలి. మనుషులకు కోపం తెప్పిస్తే పడవలు దొంగదారిన చీకట్లో దిగుతాయి, దానికంటే నష్టం లేదు.

పదివేల_చెరువులు
కాలిఫోర్నియాలో ఫాల్సమ్ సరస్సు వైపు 2025 ఏప్రిల్ నుంచి ముప్పై రోజుల క్వారంటైన్ పెట్టారు కదా, అక్కడివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎలా సాగుతోంది?

అలలమీద_అప్పు
నేనే. తనిఖీ చేసి, పడవకు ట్రెయిలర్‌కు కలిపి తీగతో సీలు వేస్తారు. ముప్పై రోజులు ఆ సీలు తెగకుండా ఇంట్లో ఉండాలి. మొదటి నెల పడవను కిటికీలోంచి చూస్తూ గడిపాను, నెల కిస్తీ కడుతూ. కానీ ఒకసారి దిగి, పైకి వచ్చేటప్పుడు మళ్ళీ సీలు వేయించుకుంటే, అదే సరస్సుకు అదే సీలుతో తిరిగి వెళ్ళొచ్చు. ఒకే సరస్సుకు కట్టుబడి ఉంటే ఇబ్బంది లేదు. ఈ వారం ఇక్కడ, వచ్చే వారం అక్కడ అనేవాళ్ళకే కష్టం.

తెడ్డు_తాత
ఏకపత్నీవ్రతం అన్నమాట.

శనివారం_సరంగు
సీలు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నిన్న శుద్ధి అయ్యాక నాకూ ఒక తీగ సీలు వేసి పంపారు. రేపు పిల్లలతో వెళదామని. ఈ ఉదయం మా బావమరిది వచ్చాడు, సాయం చేస్తానని ట్రెయిలర్ కడుగుతూ "ఈ వేలాడే తీగ ఏమిటి బావా, తుప్పు పట్టిపోతుంది" అని కటింగ్ ప్లయరుతో తెంపేశాడు. రెండు ముక్కలూ నా చేతిలోనే ఉన్నాయి, నంబరు కూడా కనబడుతోంది. ముక్కలు చూపిస్తే ఒప్పుకుంటారా?

నీటిమనిషి
ఒప్పుకోరు.

సూక్ష్మదర్శిని
ఒప్పుకోరు. ఈసారి లంగరు పెట్టె మీరే తెరిచి ఉంచండి, వరుస తొందరగా కదులుతుంది.

గాలపుముల్లు
బావమరిదిని కూడా తీసుకెళ్ళండి. వరుసలో నిలబడడానికి.